ఎండలు ముదరడానికి కారణం సూర్యుడేనా? మా బావతో తెగని వాదన

రేగడినేల:
మా బావ ఫ్యామిలీ గ్రూపులో రోజుకో వీడియో పెడతాడు. నిన్న పెట్టినదాంట్లో ఏముందంటే, భూమి వేడెక్కడం, చల్లబడటం అంతా సూర్యుడి మీద కనపడే నల్ల మచ్చల లెక్కేనట, మచ్చలు ఎక్కువుంటే వేడి, తగ్గితే చలి, 2030 దాటాక మచ్చలు బాగా పడిపోయి చిన్న మంచుయుగం వస్తుందట, కార్బన్ గోలంతా సోలార్ ప్యానెళ్లు అమ్ముకునేవాళ్ల డ్రామా అట. అమ్ముకునేవాళ్ల సంగతి వదిలేయండి, నాకు అసలు పాయింటు మీదే డౌటు. మనకి వేడి వచ్చేదే సూర్యుడి నుంచి, అక్కడ తేడా వస్తే ఇక్కడా రావాలిగా? మాండర్ మినిమం అని మచ్చలు దాదాపు మాయమైన పాతకాలం గురించి కూడా చెప్పాడు, అప్పట్లో లండన్‌లో థేమ్స్ నది గడ్డకట్టిందట. బావది బీఎస్సీ ఫిజిక్స్, నాది బీకాం, నోరెత్తితే "నీకేం తెలుసురా" అంటాడు. లింకులు వద్దు, మామూలు మాటల్లో చెప్పండి ప్లీజ్.

లెక్కల పంతులు:
సూర్యుడి మార్పు భూమిని తాకదని ఏ శాస్త్రవేత్తా అనలేదు, అందాకా మీ బావగారు కరెక్టే. గొడవంతా ఎంత అన్న దగ్గరే. మనదాకా వచ్చే సౌరశక్తి చదరపు మీటరుకి సుమారు 1361 వాట్లు, 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తూనే ఉన్నాయి. మచ్చలు పెరిగి తగ్గే పదకొండేళ్ల చక్రంలో అవి బాగా ఉన్న ఏటికీ లేని ఏటికీ తేడా 0.1 శాతం, అంటే సుమారు ఒక వాటు. దాన్ని గుండ్రటి భూమి మొత్తానికి పంచి, వెనక్కి వెళ్లిపోయే వెలుతురు తీసేస్తే మిగిలేది ఓ 0.2 వాట్లు. 1750 నుంచి మనం గాల్లోకి కలిపిన కార్బన్ డయాక్సైడ్ ఒక్కదాని ప్రభావమే రెండు వాట్లకి పైన. పైగా సూర్యుడిది పెరిగి మళ్లీ తగ్గుతుంది, మనది పెరగడమే.

ఇంకోటి అడగండి ఆయన్ని. 2008 నుంచి 2019 దాకా నడిచిన 24వ చక్రం దాదాపు వందేళ్లలో అంత బలహీనమైనది లేదు. మరి ఆ పదేళ్లలో చల్లబడాలి కదా? 2016 రికార్డు కొట్టింది, సూర్యుడు ఇంకా మగతగా ఉన్న 2020 కూడా దాదాపు దానితో సమానంగా నిలిచింది.

ఉత్తరగాలి:
పంతులుగారూ, మరీ అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. మొత్తం వెలుతురు 0.1 శాతమే మారినా అతినీలలోహిత కిరణాలు అంతకంటే చాలా ఎక్కువ మారతాయి, అవి పైన ఓజోన్‌ని కదిలిస్తాయి, యూరప్ చలికాలం మీద దాని ప్రభావం ఉందని చాలామంది ఒప్పుకుంటారు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు (సూర్యుడు మందగిస్తే ఇవి పెరుగుతాయి) మేఘాలకి విత్తులు వేస్తాయని డెన్మార్క్ శాస్త్రవేత్త స్వెన్స్‌మార్క్ 1997లోనే చెప్పాడు. 1645 నుంచి 1715 దాకా మచ్చలు దాదాపు కనపడకపోవడం, అదే కాలంలో చలి, ఇదంతా యాదృచ్ఛికమేనా?

లెక్కల పంతులు:
యూరప్ చలికాలం సంగతి ఒప్పుకుంటాను. కానీ అది గాలులు దారి మళ్లడం వల్ల ఒకచోట చలి, ఇంకోచోట వెచ్చదనం. భూమి సగటు పెరగడం వేరు.

కాస్మిక్ కిరణాల మీద యూరప్‌లోని అణుకణ పరిశోధన కేంద్రం సెర్న్‌లో క్లౌడ్ అని ప్రత్యేకంగా ఒక ఉక్కు గది కట్టి, లోపల గాలి నింపి, కిరణాల పుంజం పంపించి చూశారు. కణాలు పుడుతున్నాయి, నిజమే, కానీ ఇప్పటి వాతావరణంలో మేఘాలని మార్చేంత తేడా రావట్లేదని 2016లో తేల్చారు. ఇక మాండర్: ఆ చలి మచ్చలు మాయమవడానికి చాలా ముందే మొదలైంది, పెద్ద పెద్ద అగ్నిపర్వతాల చేయి కూడా ఉంది. థేమ్స్ గడ్డకట్టడానికి చలి ఎంతో, పాత లండన్ బ్రిడ్జి ఇరుకు కమానులు నీటిని నిలబెట్టడమూ అంతే. 1831లో ఆ వంతెన పోయాక అలా గడ్డకట్టిన దాఖలా నగరంలో లేదు.

అసలు తేల్చేది ఇంకొకటి. సూర్యుడే ఎక్కువ కాస్తుంటే కింద గాలి, పైన స్ట్రాటోస్ఫియర్ (ఓజోన్ ఉండే పొర) రెండూ వేడెక్కాలి. కింద వేడెక్కుతోంది, పైన చల్లబడుతోంది. దుప్పటి కప్పుకుంటే వేడి లోపలే ఆగి బయటికి తక్కువ వచ్చినట్టు. ఓజోన్ తగ్గడం వల్ల కూడా కొంత చల్లబడిందనుకోండి, కానీ ఇంకా పైపొరల్లో జరిగేది ప్రధానంగా కార్బన్ పనే.

ధాతకరువు:
ఈ వాదన మనవాళ్ల నెత్తిమీదే నడిచిందని ఎవరూ చెప్పట్లేదే. 1876-78లో మద్రాసు ప్రెసిడెన్సీలో పడిన కరువుకి (రాయలసీమలో ధాత కరువంటే ఇప్పటికీ తెలుసు) బళ్లారి, కర్నూలు, కడప ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ టైములోనే, 1877లో, విలియం హంటర్ అనే అధికారి మద్రాసు వానల లెక్కలు తీసి, మచ్చలు తగ్గితే వానలూ తగ్గుతాయని రాశాడు. మచ్చలు చూసి కరువుని ముందే పసిగట్టొచ్చన్న ఆశ అప్పుడు గట్టిగా ఉండేది, 1899లో కొడైకెనాల్‌లో సూర్యుణ్ణి చూసే అబ్జర్వేటరీ పెట్టడం వెనకా ఆ ఆశ ఉంది. (ధాన్యం ఎగుమతులు ఆపకపోవడం గురించి మాట్లాడటం కంటే ఆకాశం మీదకి తోసేయడం ప్రభుత్వానికి తేలిక అనుకోండి, అది నా కోపం.)

తర్వాత 1904లో వాతావరణ శాఖకి గిల్బర్ట్ వాకర్ వచ్చాడు, గణితం మనిషి. గుమాస్తాలని కూర్చోబెట్టి ప్రపంచం నలుమూలల లెక్కలన్నీ తిప్పించాడు. మచ్చలతో వానల బంధం పనికొచ్చేంత గట్టిగా లేదని తేలింది, పసిఫిక్‌లో గాలి పీడనం ఊగిసలాట దొరికింది, మనం ఇవాళ ఎల్‌నినో అని తిట్టుకునేదాంట్లో సగం అదే. 1917లో మచ్చలు నిండుగా ఉన్నాయి, వానలు దంచాయి. 1918లో మచ్చలు ఇంకా బాగానే ఉన్నాయి, దేశమంతా కరువు.

రేగడినేల:
థాంక్స్ అందరికీ. బావకి 2020 సంగతి పెట్టా, "అది ఆలస్యంగా పనిచేస్తుంది" అన్నాడు. 2030 మంచుయుగం గురించి ఏమనాలి?

లెక్కల పంతులు:
ఎంత ఆలస్యమో అడగండి, పదేళ్లా, ముప్పయ్యేళ్లా అని. సౌర చక్రాల శిఖరాలు 1950ల చివరి నుంచి మొత్తంమీద దిగుతూ వచ్చాయి, వేడి మాత్రం పెరుగుతూ వచ్చింది. 2030ల్లో సౌరచర్య 60 శాతం పడిపోతుందని 2015లో ఒక బృందం అన్న మాట నుంచి పుట్టిందే ఆ మంచుయుగం. ఇప్పటి 25వ చక్రమేమో అంచనాలని దాటిపోయింది, 2024 మేలో సౌర తుఫాను వల్ల లద్దాఖ్‌లోని హాన్లే నుంచి కూడా ఎర్రటి అరోరా (మామూలుగా ధ్రువాల దగ్గర ఆకాశంలో కనపడే వెలుగు) కనపడింది. సరే, మాండర్ లాంటిది నిజంగానే వచ్చిందనుకుందాం, దాని వల్ల 2100 నాటికి తగ్గేది మహా అయితే 0.3 డిగ్రీలని 2010లోనే లెక్క వేశారు. 2024 ఒక్క ఏడాదే ఫ్యాక్టరీలు రాకముందు రోజుల కంటే 1.5 డిగ్రీలు పైన ఉంది.