సిగ్నల్ ఉంది, నంబర్ తెలియదు: రీఛార్జ్ ఎలా?

అమ్మ కీప్యాడ్ ఫోన్‌లో ప్రీపెయిడ్ సిమ్ ఉంది. బ్యాంకు ఓటీపీల కోసమే తీసుకున్నది, అందుకే ఎవరి ఫోన్‌లోనూ ఆ నంబర్ సేవ్ చేసి లేదు. ప్లాన్ అయిపోయి నేటికి 68 రోజులు. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, కానీ నా ఫోన్‌కు మిస్డ్ కాల్ ఇద్దామంటే రీఛార్జ్ చేయమనే వాయిసే వస్తోంది. మెసేజ్ కూడా పోలేదు. *#06# కొడితే ఐఎంఈఐ అనే గుర్తింపు నంబర్ వచ్చింది, అది ఫోన్‌ది, సిమ్‌ది కాదు. సిమ్ వెనక అంకెల్లో చివరి నాలుగు అరిగిపోయాయి. తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర రీఛార్జ్ షాపాయన "నంబర్ లేకుండా డబ్బులు ఎక్కడికి వేసేది సార్?" అన్నాడు. 90 రోజులు వాడకపోతే నంబర్ తీసేస్తారని టెన్షన్‌గా ఉంది. సిమ్ అమ్మ ఆధార్ మీదే ఉంది. అవుట్‌గోయింగ్ లేకుండా ఈ నంబర్ తెలుసుకునే దారి ఏమిటి?