దెబ్బ మానింది, నొప్పి మానలేదు. ఎందుకు?

గట్టుమీద_కాలు
సంక్రాంతి వారంలో రొయ్యల చెరువు గట్టు మీద జారాను. ఎడమ చీలమండ మెలిపడింది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందన్నారు. వాపు ఎప్పుడో తీసేసింది. ఊడ్పులు కూడా వచ్చేశాయి గానీ నొప్పి మాత్రం పోలేదు. పగలు ఓర్చుకోగలను, రాత్రి దుప్పటి అంచు పాదానికి తగిలినా మంటే. మూడు విషయాలు చెప్పండి. మానిపోయిన చోట నొప్పి ఎందుకు? రాత్రే ఎందుకు ఎక్కువ? ఈ కాలితో రాత్రిళ్ళు ఏరియేటర్లు (చెరువు నీళ్ళకి గాలి అందించే యంత్రాలు) చూసుకోడానికి తిరగొచ్చా? చూపించుకున్న చోట "అంతా నీ మనసులోనే ఉంది" అని పంపేశారు.

దింపు_వారి_అబ్బాయి
మా నాన్న రాజోలు వైపు తోటల్లో కొబ్బరి దింపు చేసేవారు. వానాకాలంలో కొన్నాళ్ళు ఆపి మళ్ళీ మొదలుపెడితే మర్నాటికి తొడలు పట్టేసి పీట మీద కూర్చోలేకపోయేవారు. విచిత్రం ఏంటంటే ఎక్కినందుకు కాదంట, దిగినందుకంట. ఎవరైనా చెప్పగలరా ఎందుకో?

జిమ్_భీమవరం
లాక్టిక్ యాసిడ్ బ్రో. కండలో పేరుకుపోతుంది. నిమ్మరసం తాగించండి.

ఫిజియో_అమలాపురం
ఆ లాక్టిక్ యాసిడ్ కథ జిమ్ముల్లో ఇంకా నడుస్తోందా? పని ఆపిన గంటకల్లా అది రక్తంలోంచి వెళ్ళిపోతుంది. మర్నాడు, ఆ మర్నాడు ముదిరే నొప్పికి దాన్ని ఎలా తప్పుపడతారు? చెట్టు దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే ఒంటి బరువు ఆపాలి. అలా సాగుతూ పనిచేసినప్పుడే కండ పోగుల్లో సన్నటి చిరుగులు పడతాయి. వాటిని బాగుచేసుకునే క్రమంలో అక్కడ వాపు లాంటిది వచ్చి నరాల కొసల్ని కదుపుతుంది. మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం.

గట్టు గారూ, మీది వేరే లెక్క. దెబ్బ తగిలిన చోట ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడికైనిన్ లాంటి రసాయనాలు పుడతాయి. నొప్పిని పసిగట్టే నరాల కొసలు వాటివల్ల రెచ్చిపోయి చిన్న తాకిడికే కబురు పంపుతాయి. కాలు కదపకుండా ఉంచడానికి కొన్నాళ్ళు అది అవసరమే. గాయం మానాక సద్దుమణగాలి. కొందరిలో సద్దుమణగదు, పైగా వెన్నుపాములోని కణాలు కూడా అదే అలవాటు పడతాయి. అప్పుడు మామూలు స్పర్శ కబురు కూడా మెదడుకి నొప్పిగానే చేరుతుంది. 1983లో క్లిఫర్డ్ ఊల్ఫ్ అనే శాస్త్రవేత్త ఎలుకల్లో దీన్ని చూపించాడు. మనసులోది అన్నవాళ్ళకి ఇది చెప్పండి.

పాలకొల్లు_అక్క
ఇంత చదువెందుకు బాబూ. నాకు ఊడ్పుల్లో నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టిన కుర్రాడు ఉన్నాడు మా వీధిలో, వాడితో తొక్కించుకున్నాను. బోర్లా పడుకుంటే మడమతో మెల్లగా నొక్కుకుంటూ వెళ్ళాడు. లేచి బిందె ఎత్తుకున్నాను. మాత్ర వేసుకోలేదు, సూది పొడిపించుకోలేదు.

ఫిజియో_అమలాపురం
అక్కా, దయచేసి ఇలాంటివి రాయకండి. డిస్కు జారిన మనిషి నడుం మీద కాలు వేస్తే ఏమవుతుందో నేను చూశాను. పాదం పైకి లేవక ఈడ్చుకుంటూ వచ్చిన పేషెంటు ఉన్నాడు.

పాలకొల్లు_అక్క
మా అమ్మమ్మ కాలం నుంచీ తొక్కించుకుంటున్నాం. అందరూ పాదాలు ఈడుస్తున్నారా? మీ ఫీజు పోతుందని బాధ.

రిటైర్డ్_మేస్టారు
నేను జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, ఇందులో ఇద్దరి మాటా సగం నిజమే. తొక్కితే ఉపశమనం రావడం అబద్ధం కాదు. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు గేట్ సిద్ధాంతం చెప్పారు. స్పర్శ తెచ్చే లావు నరాలు సెకనుకి 35 నుంచి 75 మీటర్ల వేగంతో కబురు మోస్తాయి. సలుపు మోసే సన్న సి-ఫైబర్లు సెకనుకి అర మీటరు నుంచి రెండు మీటర్లు. లావు నరాల కబురు ముందు చేరి వెన్నుపాములో నొప్పి దారి మూసేస్తుంది, మన కాలవ మీద లాకు దించినట్టు. గుమ్మానికి వేలు కొట్టుకుంటే ముందు చురుక్కుమని, ఒక్క క్షణం ఆగి సలుపు ఎందుకొస్తుందో ఇప్పుడు అర్థమైందా? చురుకు తెచ్చేది ఎ-డెల్టా అనే ఇంకో రకం నరం, సి కన్నా వేగం; సలుపు తెచ్చేది సి. వేలు పట్టుకుని రుద్దుకునేది కూడా అందుకే. కుర్రాడు కాళ్ళతో పుట్టాడా తలతో పుట్టాడా అన్నది నరానికి తెలీదు.

కాలవగట్టు
లాకు పడవలు దాటించడానికండీ మేస్టారూ. నీళ్ళు ఆపేవి షట్టర్లు. ధవళేశ్వరం వెళ్ళి చూడండి.

రిటైర్డ్_మేస్టారు
లాకుకి తలుపులుంటాయి. తలుపులు మూస్తే నీళ్ళు ఆగవా? ఉదాహరణ అర్థమైతే చాలు, ఇరిగేషన్ పరీక్ష పెట్టకు.

పాలకొల్లు_అక్క
మేస్టారు నా వైపే. ఫిజియో బాబు ఇక మాట్లాడడు.

ఫిజియో_అమలాపురం
మాట్లాడతాను. గేట్ మూసుకుంటే నొప్పి తెలియడం ఆగుతుంది, డిస్కు లోపలికి పోదు. నొప్పి తగ్గిందని బిందె ఎత్తడమే ప్రమాదం. నడుం నొప్పితో పాటు మలమూత్రాల మీద పట్టు తప్పినా, తొడల లోపలి వైపు మొద్దుబారినా తొక్కించుకోవడం కాదు, అదే రాత్రి ఆస్పత్రికి పోవాలి. ఇది ఎవరి ఫీజు కోసమూ కాదు.

మందులషాపు_నరసాపురం
ఇంత గొడవ దేనికి, డైక్లోఫినాక్ ఇంజెక్షన్ చేయిస్తే ఏ నొప్పైనా దెబ్బకి పోతుంది. నా కౌంటర్లో రోజూ చూస్తున్నాను.

లంకపిల్ల
గట్టు గారి మంటకి అది పెద్దగా పనిచేయదు సార్. డైక్లోఫినాక్ ఆపేది ప్రోస్టాగ్లాండిన్ల తయారీని. అదే కోవలోని ఆస్పిరిన్ అలా పనిచేస్తుందని 1971లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త తేల్చాడు, 1982లో నోబెల్ కూడా వచ్చింది. వాపు ఉన్నప్పుడు సరే. నరమే దెబ్బతిని మండుతుంటే వాడే మందులు వేరు, ప్రెగాబలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి, డాక్టరు చూసి రాయాలి. మా తాతగారు కౌంటర్ మీద కొన్న మాత్రలు ఏళ్ళ తరబడి మింగి కిడ్నీల దాకా తెచ్చుకున్నారు.

కాలవగట్టు
ఆ మందు గేదెలకి వేస్తేనే కదా గెద్దలు చచ్చిపోయాయి.

లంకపిల్ల
గెద్దలు కాదు, రాబందులు. మందు వేసిన పశువు చచ్చాక దాన్ని తిని కిడ్నీలు పాడై పోయాయి. 2006లో మన దేశంలో దాన్ని పశువులకి నిషేధించారు.

మందులషాపు_నరసాపురం
రాబందుల గురించి నాకెందుకు చెప్తున్నారు? నేను మనుషులకి అమ్ముతాను. లైసెన్సుంది నాకు.

జిమ్_భీమవరం
మరి నొప్పి బామ్ రాస్తే ఎందుకు మండుతుంది, మండాక ఎందుకు హాయిగా ఉంటుంది? మా కోచ్ మిరపకాయ క్రీము ఇచ్చాడు.

రిటైర్డ్_మేస్టారు
మంచి ప్రశ్న, నిన్ను తక్కువ అంచనా వేశాను. మిరపలోని కాప్సైసిన్ నరం కొస మీద ఉండే టీఆర్‌పీవీ1 అనే ద్వారాన్ని తెరుస్తుంది. అది మామూలుగా 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకునేది. అందుకే పచ్చిమిర్చి నిజంగా కాలినట్టే ఉంటుంది. దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్. దెబ్బ తగిలిన చోట ఆ ద్వారం ఇంకా తక్కువ వేడికే తెరుచుకుంటుంది, గోరువెచ్చటి నీళ్ళు కూడా చుర్రుమంటాయి. మళ్ళీ మళ్ళీ రాస్తే ఆ కొసలు అలసిపోయి కొన్నాళ్ళు ఊరుకుంటాయి. పచ్చి గాయం మీద, కంటి దగ్గర రాయకు.

గట్టుమీద_కాలు
లాకులు, రాబందులు, మిరపకాయలు అన్నీ అయ్యాయి. నా రెండో ప్రశ్న, మూడో ప్రశ్న ఎవరికీ కనపడలేదా అండి?

పాలకొల్లు_అక్క
కోప్పడకు తమ్ముడూ. నువ్వు ఇంకా కుంటుతున్నావా, ముందు అది చెప్పు.

గట్టుమీద_కాలు
కుంటుతున్నానక్కా. ఆ కాలు మీద బరువు వేయాలంటే భయం. పిక్క కూడా ఎప్పుడూ బిగిసే ఉంటుంది, సన్నబడింది కూడా.

ఫిజియో_అమలాపురం
నొప్పి ఉన్న కీలు కదలకుండా చుట్టూ కండలు బిగబట్టుకుంటాయి. బిగిసిన కండకి రక్తం సరిగా అందక అదీ నొప్పి పుట్టిస్తుంది. ఆ నొప్పికి మళ్ళీ బిగపట్టడం. వాడకపోతే పిక్క తగ్గిపోతుంది, తగ్గిన కండ కీలుని సరిగా పట్టుకోలేదు, మళ్ళీ మెలిపడుతుంది. రాత్రి సంగతి అంటే, పగలు చెరువు, మేత, కూలీలు అని మెదడుకి బోలెడు పని. పడుకున్నాక వినడానికి ఆ కాలే మిగులుతుంది. నిద్ర చెడితే మర్నాటి నొప్పి ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు రెండు అడుగుతాను, సూటిగా చెప్పండి. మండేది పాదం పైభాగంలోనా? ఆ పాదం రంగు మారడం, రెండో పాదం కన్నా వేడిగానో చల్లగానో ఉండటం, చెమట పట్టడం ఉందా?

గట్టుమీద_కాలు
పైభాగంలోనే, బొటనవేలి దాకా. చీలమండ ముందు వేలితో తడితే కిందికి జివ్వుమని లాగుతుంది. రంగు, వేడి రెండూ ఒకేలా ఉన్నాయి. మా ఆవిడ చేత కూడా చూపించాను.

ఫిజియో_అమలాపురం
అయితే ఒక గండం కాస్త పక్కకి పోయినట్టే. రంగు, వేడి మారితే సీఆర్‌పీఎస్ (దెబ్బ మానినా ఆ కాలిలోనో చేతిలోనో నొప్పి తీవ్రంగా ఉండిపోయే జబ్బు) అనుమానం, అది ఆలస్యం చేయకూడనిది. మీకు మెలిపడినప్పుడు పాదం పైభాగానికి వెళ్ళే నరం సాగి ఉండొచ్చు. తడితే జివ్వుమనడం దానికి గుర్తు. నరం లోపలి పోగు తెగి మళ్ళీ పెరగాల్సి వస్తే రోజుకి సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది, అందుకే నెలలు పడుతుంది. నరాల డాక్టరుకి చూపించండి, ఎక్స్‌రే కాదు, నరం పరీక్ష అవసరమా అని అడగండి. ఆయన సరేనన్నాక ఇంట్లో గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం నుంచి మొదలుపెడదాం. కాలిని మూటగట్టి దాచుకోవద్దు.

గట్టుమీద_కాలు
సరేనండి. మరి ఏరియేటర్లు?

దింపు_వారి_అబ్బాయి
కొన్నాళ్ళు ఎవరినైనా పెట్టుకో అన్నా. తప్పదంటే బిగువైన బూటు, చేతిలో లైటు, పొడి గట్టు మీదే. వాన పడిన రాత్రి మాత్రం వద్దు.

కాలవగట్టు
రాత్రి కాపలాకి మనిషి దొరకడం అంత తేలిక అనుకుంటున్నావా? మా వైపు ఈ ఏడు కూలీ రేటు విన్నావా అసలు?