నల్లగొండ ఎండకు ఏ రంగు పట్టీ షటిల్ తెచ్చుకోవాలె?

షటిల్ ఆడేటోళ్లు కాస్త చెప్పండన్నా. క్లాసులు అయినంక ఐదింటికి, బయటి కోర్టులో ఆట. నీలం పట్టీ నైలాన్ షటిల్ (కార్కు చుట్టూ ఉండే పట్టీ రంగే దాని వేగం చెప్తది). వెనక గీత మీంచి, కింది నుంచి నిండుగా కొడితే అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్లు ఇవతలే పడాలె. ఇదేమో గీత దాటి అడుగు దూరం పోతున్నది. గాలి లేనప్పుడు రెండు దిక్కుల నుంచి కొట్టి చూసినా అంతే. స్కర్టు (కార్కు మీది నైలాన్ జాలీ) చిరగలేదు, కార్కు ఊడలేదు. వేడిగాలి పలచన గదా, అందుకే ఉరుకుతదనుకుంటున్న.

నెమ్మదిగా పోయే ఆకుపచ్చ పట్టీది తెస్తే సరిపోతదా? డిసెంబరు చలిలో అదే షటిల్ సగంలోనే పడిపోతదా? రెండు డబ్బాలు కొనాల్నా? ఈకల షటిల్ మాత్రం చెప్పకండి, ఈ పొడిగాలికి పుటుక్కున విరుగుతయి.