గోల్కొండ ముట్టడి ప్రదర్శనలో ఒక వేసవి ప్రేమకథ: చరిత్రను ఎంత వాడాలి, ఎలా వాడాలి?

ప్రశ్న: మెహదీపట్నం కథకురాలు

పదహారు, పదిహేడేళ్ల పిల్లల కోసం ఒక చిన్న నవల రాస్తున్నాను. వేసవి సెలవుల్లో హైదరాబాద్‌లోని ఒక బృందం 1687లో ఔరంగజేబు సేనలు చేసిన గోల్కొండ ముట్టడిని వేషధారణతో, చెక్క కత్తులతో, ఆనాటి వంటలతో తిరిగి నడిపి చూపించడానికి సాధన చేస్తూ ఉంటుంది. శ్రావ్య చరిత్ర మీద ఇష్టంతో చేరిన అమ్మాయి. ఇంట్లో ఫోను పట్టుకొని కూర్చుంటున్నాడని మేనత్త చెయ్యి పట్టుకొని లాక్కొచ్చి చేర్పిస్తే వచ్చిన అబ్బాయి చైతన్య. కథ సరదాగా, తేలికగా సాగాలన్నది నా కోరిక.

ఆరు అధ్యాయాలు పూర్తయ్యాయి. ఫతే దర్వాజా కింద కొట్టిన చప్పట్లు పైన బాలాహిస్సార్‌లో వినబడతాయి కాబట్టి, అబ్బాయి చప్పట్లతో అమ్మాయికి సంకేతాలు పంపినట్టు రాశాను. మధ్యలో కులీ కుతుబ్ షా, భాగమతుల కథను పోలికగా తెచ్చాను. చదివిన మా చెల్లెలు, "ఇందులోంచి గోల్కొండను తీసేసి కాలేజీ వార్షికోత్సవం పెట్టినా ఒక్క వాక్యం మారదు కదా" అన్నది. ఆ మాట నిజమేనని ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఈ ప్రేమ ఆ ప్రదర్శనలో తప్ప ఇంకెక్కడా పుట్టదు అనిపించాలంటే ఏం చేయాలో చెప్పగలరా?

జవాబు: విశ్రాంత చరిత్ర మాస్టారు

అమ్మా, మీ చెల్లెలికి నా అభినందనలు. ముందుగా చప్పట్ల సంగతి. సెలవు రోజున ఫతే దర్వాజా దగ్గర కాసేపు నిలబడి చూడండి. గైడు చెప్పగానే ప్రతి కుటుంబమూ చప్పట్లు కొడుతుంది, పిల్లలైతే ఆపరు. పైన ఉన్న అమ్మాయికి అందులో తన వాడి చప్పుడు ఏదో ఎలా తెలుస్తుంది? తెలియకపోవడాన్నే హాస్యంగా మలచుకుంటే ఒక్క సన్నివేశానికి పనికొస్తుంది, అంతకు మించి దాని మీద బరువు పెట్టకండి.

భాగమతి కథ జనం నోట బతుకుతున్న అందమైన కథే కానీ, హరూన్ ఖాన్ షేర్వానీ వంటి చరిత్రకారులు దానిని అంగీకరించలేదు. ప్రియురాలి కోసం ప్రాణాలకు తెగించి మూసీ దాటుతున్న యువరాజును చూసి తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా పురానాపూల్ కట్టించాడంటారు. ఆ వంతెన కట్టినది 1578లో, యువరాజు పుట్టినది 1565 ప్రాంతంలో. అంటే పన్నెండు, పదమూడేళ్ల కుర్రవాడు వరదలో గుర్రమెక్కి వెళ్లాడన్నమాట! మీ శ్రావ్య నిజంగా చరిత్ర ఇష్టపడే పిల్లే అయితే ఈ లెక్క తనే వేసి, గంభీరంగా ప్రేమ పలుకులు పలుకుతున్న చైతన్య నోరు మూయించాలి.

ఇక మీకు కావలసినది ముట్టడిలోనే ఉంది. సుమారు ఎనిమిది నెలలు లొంగని కోట సెప్టెంబరులో ఒక సర్దారు ద్రోహం వల్ల మొగలులకు దక్కింది. తలుపు తెరుచుకున్న వేళ గోల్కొండ సేనాని అబ్దుర్ రజాక్ లారీ కొద్దిమంది అనుచరులతో ఎదురు నిలిచి పోరాడి, ఒళ్లంతా తెగిపోగా గుర్రం ఎటు తీసుకుపోతే అటు వెళ్లి నగీనా బాగ్ దగ్గర స్పృహ తప్పి పడిపోయాడు. మొగల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాసిన దాని ప్రకారం ఆయన ఒంటి మీద సుమారు డెబ్బై గాయాలు లెక్కకు వచ్చాయి. ఆ స్వామిభక్తికి ముచ్చటపడిన ఔరంగజేబు, శత్రువే అయినా సరే, చికిత్స కోసం ఇద్దరు శస్త్రవైద్యులను పంపాడు. ఒకరు ఐరోపావాడు, ఇంకొకరు హిందువు.

లారీ వేషం శ్రావ్యకు ఇవ్వండి, ఆ పాత్ర కోసం ఆమె పట్టుబట్టి పోట్లాడాలి. మొదటి వారమంతా మూలన కూర్చున్న చైతన్యకు, ఇంకెవరూ తీసుకోని హిందూ వైద్యుడి పాత్ర మిగులుతుంది. ఇక ప్రతి సాయంత్రమూ ఆ అబ్బాయి ఆ అమ్మాయికి కట్లు కట్టాలి, ఆమె స్పృహ లేనట్టు కదలకుండా, నవ్వకుండా పడుకోవాలి. ఈ ఏర్పాటు ఏ కాలేజీ వార్షికోత్సవంలోనూ కుదరదు.

కుక్క సంగతి కూడా మరిచిపోవద్దు. మే నెలలో ఒక రాత్రి మొగల్ సేనాని ఫిరోజ్ జంగ్ మనుషులు నిచ్చెనలు వేసి గోడ ఎక్కుతుంటే ఒక వీధికుక్క మొరిగి కాపలావాళ్లను లేపింది. గోల్కొండ సుల్తాను తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసు, రత్నాల పట్టీ, జరీ కోటు ఇచ్చి గౌరవించాడని చెబుతారు. ఈ ఫిరోజ్ జంగ్ మొదటి నిజాముకు స్వయానా తండ్రి అన్న సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

జవాబు: సూదీ దారం

నేను ఇరవై ఏళ్లుగా నాటకాలకు దుస్తులు కుడుతున్నాను. మాస్టారి ఆలోచన నాకు నచ్చింది కానీ, మే నెలలో, అందులోనూ రోహిణీ కార్తెలో, పొరలు పొరలుగా బట్టలు తొడిగిన పిల్లల అవస్థ మీ కథలో కనబడాలి. బజారులో దొరికే మెరుపు జరీ పాలిస్టరుతో జామా, అంటే ఆనాటి పొడవాటి అంగీ, కుట్టిస్తే అరగంటలో సొమ్మసిల్లుతారు. నూలు బట్టే వాడాలి, అద్దకం కావాలంటే పెడన కలంకారీ ఉండనే ఉంది. శ్రావ్యకు అంటించిన గడ్డం చెమటకు జారిపోతుంది. వైద్యుడు ముందు కట్టవలసినది గాయం కాదు, ఆ గడ్డం.

ఇంకొక సూక్ష్మం ఉంది. మొగల్ చిత్రాలలో ముస్లింల జామా ముడులు కుడి చంక కింద, హిందువులవి ఎడమ చంక కింద కనబడతాయి. చైతన్య తొలిరోజు ముడులు అటుదిటు కట్టుకొని వస్తే, అందరి ముందూ తప్పు పట్టేది శ్రావ్య అవుతుంది, మరునాడు చాటుగా పిలిచి సరిగ్గా కట్టుకోవడం నేర్పేదీ తనే అవుతుంది. పిన్నీసు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, అది పందొమ్మిదో శతాబ్దపు వస్తువు.

జవాబు: ఇంటర్ విద్యార్థి

పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు క్షమించండి. మీ పాత్రలు ఇంటర్ రెండో ఏడు ముగించినవారైతే ఎప్‌సెట్ వేసవిలోనే ఉంటుంది కాబట్టి ఏ తల్లిదండ్రులూ కత్తియుద్ధానికి పంపరు. మొదటి ఏడు పూర్తి చేసినవారిని చేయండి. జూన్ మొదట్లో కాలేజీలు తెరుస్తారు, మీ కథకు గడువు కూడా అదే అవుతుంది.

మేము పరిచయమైన తొలిరోజే "నువ్వు" అనుకుంటాము. "మీరు" నుంచి "నువ్వు"కు మారడాన్ని ప్రేమకు గుర్తుగా చూపితే మా వయసు వాళ్లు నమ్మరు. దానికి బదులు శ్రావ్య అతనిని వేషంలో పిలిచినట్టే "హకీం సాబ్" అని బస్టాపులో కూడా పిలిచిందనుకోండి, పక్కనున్న స్నేహితులు ఆ రోజంతా వదిలిపెట్టరు. ఇరానీ హోటల్లో చాయ్ తాగే సన్నివేశం తప్పక పెట్టండి, కానీ వేషాలు విప్పాకే.

జవాబు: విశ్రాంత చరిత్ర మాస్టారు

బాబూ, బాగా చెప్పావు. తానీషా కాలానికి ఇక్కడ ఇరానీ చాయ్ లేదు. ఉస్మానియా బిస్కట్టు ఏడో నిజాము పేరున వచ్చింది. కాబట్టి ముట్టడి మధ్యలో హకీం గారి నడికట్టులోంచి ఒక బిస్కట్టు రాలిపడితే నిర్వాహకులు ఎంత మండిపడతారో ఊహించుకోవచ్చు. అన్నట్టు, గాయాలకు కట్లు కట్టేవాడు జర్రాహు, హకీము కాడు. శ్రావ్య ఆ తేడా తెలిసి కూడా హకీం అనే పిలుస్తున్నదంటే, ఎందుకో చైతన్యకు చివరిదాకా అర్థం కాకపోయినా పరవాలేదు.

జవాబు: మెహదీపట్నం కథకురాలు

అందరికీ కృతజ్ఞతలు. భాగమతి అధ్యాయాన్ని తీసేశాను, ఆ లెక్క మాత్రం శ్రావ్య నోట ఉంచాను. చప్పట్లు ఒక్కసారే వస్తాయి, ఆమె వాటికి పొరపాటున వేరెవరికో చెయ్యి ఊపుతుంది. సాధన జరిగే మైదానంలో తిరిగే వీధికుక్కకు జరీ కోటు కుట్టే పని ఇద్దరి మీదా పడింది. ఆ కుక్క అవసరమైనప్పుడు మొరగదు, వాళ్లిద్దరూ మాట్లాడుకునేటప్పుడే మొరుగుతుంది. సూదీ దారం గారూ, ఒక సందేహం: డెబ్బై గాయాలకూ కట్లు కట్టాలంటే ఎంత గుడ్డ కావాలి?

జవాబు: సూదీ దారం

డెబ్బై కట్లు ఒంటి మీద పట్టవమ్మా. ఇరవై దాటితే ఆ పిల్ల లేచి నిలబడలేదు. ఇరవై కట్టించి, మిగిలిన యాభై గాయాలను అబ్బాయి చేత పైకి లెక్కపెట్టించండి. అతను నలభై దగ్గర తడబడితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది. పాత నూలు చీరలు మూడు చాలు. ఎర్ర అంచు ఉన్నవి మాత్రం వద్దు, చెమటకు రంగు దిగి లేని గాయాలు కూడా కనబడతాయి.