షపిరోలో 0.033 వచ్చింది: పెయిర్డ్ టి-టెస్టా, విల్కాక్సనా?

వేణు_బయోస్టాట్:
ఎమ్మెస్సీ పిల్లలకి ప్రాక్టికల్ షీట్ తయారు చేస్తున్నాను. డేటా కొత్తదేం కాదు, ఆర్ (స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్)తో పాటు వచ్చే 'స్లీప్'. కుష్నీ, పీబుల్స్ 1905లో ప్రచురించిన అంకెలు, 1908లో గాసెట్ 'స్టూడెంట్' పేరుతో రాసిన వ్యాసంలో వాడుకున్నాడు. పది మంది రోగులు, ఒక్కొక్కరి మీదా రెండు నిద్రమందులూ వాడి చూశారు. మందు లేని రాత్రుల కంటే ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారన్నది లెక్క.

మొదటి మందు: 0.7, −1.6, −0.2, −1.2, −0.1, 3.4, 3.7, 0.8, 0.0, 2.0
రెండో మందు: 1.9, 0.8, 1.1, 0.1, −0.1, 4.4, 5.5, 1.6, 4.6, 3.4
తేడాలు: 1.2, 2.4, 1.3, 1.3, 0.0, 1.0, 1.8, 0.8, 4.6, 1.4

తేడాల సగటు 1.58 గంటలు, ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, సగటు చుట్టూ అంకెలు ఎంత చెదిరాయన్న కొలత) 1.23. పెయిర్డ్ టి (జతల తేడాల సగటు సున్నాయేనా అని చూసే టెస్ట్) విలువ 4.06, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 9, పి 0.0028 (నిజంగా తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా కనిపించే అవకాశం; 0.05 కంటే తక్కువైతే 'సిగ్నిఫికెంట్' అంటారు). కానీ ఆ తేడాల మీద షపిరో-విల్క్ (అంకెలు నార్మల్‌గా, అంటే గంట ఆకారంలో, పరుచుకున్నాయా అని చూసే టెస్ట్) పెడితే డబ్ల్యూ 0.83, పి 0.033. విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ (తేడాల అంకెలకి బదులు వాటి ర్యాంకులు చూసే టెస్ట్) అయితే పి 0.009. షీట్‌లో ఏది పెట్టమంటారు? 'రెండూ సిగ్నిఫికెంటే కదా' అని తేల్చేయకండి, పిల్లలు ఎందుకని అడుగుతారు.

లంక_మాస్టారు:
ఇందులో చర్చించడానికేముందండీ. 0.033 అంటే 0.05 కంటే తక్కువ, నార్మాలిటీ పోయింది. నార్మాలిటీ పోతే నాన్ పారామెట్రిక్ (నార్మల్ ఆకారం అక్కర్లేని టెస్ట్). విల్కాక్సన్ పెట్టండి. అన్ని పాఠ్యపుస్తకాల్లోనూ ఫ్లోచార్ట్ ఉంటుంది, పిల్లలకి అదే నేర్పాలి.

పైథాన్_పుల్లయ్య:
నాకు పి 0.079 వచ్చింది. అసలు సిగ్నిఫికెంటే కాదు.

సరళ_ఆర్:
పుల్లయ్య గారూ, మీరు ఇండిపెండెంట్ టెస్ట్ (వేర్వేరు మనుషులున్న రెండు గ్రూపులకి వాడేది) కొట్టారు. ఇక్కడున్నది పది మందే, ఇరవై మంది కాదు. ఆ ఫైల్లో కాలమ్‌కి 'గ్రూప్' అని పేరుండటంతో చాలామంది ఇక్కడే పడతారు. ఆర్ హెల్ప్ పేజీలో కూడా ఆ పేరు తప్పుదోవ పట్టించొచ్చని రాసి ఉంటుంది. జతలు విడదీస్తే వెల్చ్ టి (రెండు గ్రూపుల వేరియన్స్ సమానం అనుకోని టి-టెస్ట్) 1.86, డిగ్రీస్ 17.8, పి 0.079. మాన్-విట్నీ (విడి గ్రూపులకి ర్యాంక్ టెస్ట్) పి 0.069. ఒక మందుకి బాగా నిద్రపోయిన మనిషి రెండోదానికీ బాగానే నిద్రపోతున్నాడు, రెండు వరసల మధ్య కోరిలేషన్ 0.80 దాకా ఉంది. జతగా చూస్తే మనిషికీ మనిషికీ ఉన్న తేడా కొట్టుకుపోతుంది, విడదీస్తే అదంతా ఎర్రర్‌లో కూర్చుంటుంది. 0.0028 కాస్తా 0.079 అయింది అందుకే.

ఇంకొకటి. పాత పుస్తకాలు చూసి ఫార్ములా రూపంలో పెయిర్డ్ ట్రూ అని రాస్తే ఆర్ 4.4 నుంచి ఎర్రర్ వస్తుంది. రెండు వరసలూ విడివిడిగా ఇవ్వండి, లేదా పెయిర్ ఫంక్షన్ వాడండి.

వెల్చ్‌వాది:
మాస్టారూ, షపిరో పెట్టి దాన్ని బట్టి టెస్ట్ ఎంచుకోవడమే తప్పు. పది అంకెలున్నప్పుడు షపిరోకి చూపు ఆనదు, నిజంగా వంకరగా ఉన్న డేటాని కూడా వదిలేస్తుంది. ఐదు వేలున్నప్పుడు దేనికీ పనికిరాని చిన్న వంకరనీ పట్టుకుంటుంది. టి-టెస్ట్‌కి నార్మాలిటీ అవసరమయ్యేది చిన్న శాంపిల్‌లో, అక్కడ ఈ టెస్ట్ పనిచేయదు. అవసరం లేని పెద్ద శాంపిల్‌లో మాత్రం అదరగొడుతుంది. పైగా అదే డేటా మీద ముందొక టెస్ట్, దాన్ని బట్టి ఇంకో టెస్ట్ చేస్తే చివర్లో వచ్చే పి విలువకి పుస్తకంలో చెప్పిన అర్థం ఉండదు.

వేరియన్స్ (ఎస్‌డీ వర్గం) సంగతీ అంతే. లెవీన్ టెస్ట్ (వేరియన్స్‌లు సమానమా అని చూసేది) చూసి స్టూడెంటా (సమానం అనుకునే మామూలు టి) వెల్చా అని తేల్చుకోవడం మానేసి ఎప్పుడూ వెల్చే వాడండి. ఒక గ్రూపులో 10 మంది, ఎస్‌డీ 3. ఇంకోదాంట్లో 30 మంది, ఎస్‌డీ 1 అనుకోండి. వేరియన్స్‌లు కలిపేస్తే పూల్డ్ విలువ 2.9 వస్తుంది, దాని నుంచి స్టాండర్డ్ ఎర్రర్ 0.62. అసలు ఉండాల్సింది 0.97. అంటే మూడో వంతుకి పైగా తక్కువ చూపిస్తోంది. 5 శాతం అనుకున్న తప్పుడు సిగ్నిఫికెన్స్ సుమారు నాలుగు రెట్లవుతుంది. ఆర్‌లో డిఫాల్ట్ వెల్చే. సైపై (పైథాన్ లైబ్రరీ)లో మాత్రం మీరు చెప్పకపోతే ఈక్వల్ వేరియన్స్ అనుకుంటుంది.

లంక_మాస్టారు:
వేణు గారు అడిగింది జతల గురించి. ఇక్కడ వెల్చ్‌కి పనేంటి? లెవీన్ ఎవరు పిలిచారు? 0.033 గురించి చెప్పండి.

మౌనశ్రోత:
ఎన్ (శాంపిల్ సైజు) 30 దాటితే టి, లేకపోతే విల్కాక్సన్ అని మాకు చెప్పారు. అది కాదా?

వెల్చ్‌వాది:
కాదు. 30 అన్నది ఎక్కడా గీసిన గీత కాదు. సౌష్ఠవంగా ఉన్న డేటాకి 10 కూడా చాలు, ఆస్పత్రి బిల్లుల్లాంటి తోక పొడవైన డేటాకి 100 కూడా చాలకపోవచ్చు.

మాస్టారూ, 0.033 గురించే చెప్తాను. దానికి కారణం ఒక్క మనిషి. తొమ్మిదో రోగికి మొదటి మందుతో 0.0, రెండో మందుతో 4.6. ఆ జత తీసేసి చూడండి. మిగిలిన తొమ్మిది తేడాల సగటు 1.24కి దిగుతుంది, ఎస్‌డీ మాత్రం 1.23 నుంచి 0.66కి పడిపోతుంది. టి 4.06 నుంచి 5.66కి పెరుగుతుంది. రెండో మందుకి అందరికంటే ఎక్కువ అనుకూలంగా ఉన్న మనిషిని తీసేస్తే రెండో మందు వాదన బలపడింది! అవుట్‌లయర్ (మిగతావాటికి దూరంగా పడిన అంకె) సగటుని ఎంత లాగిందో, ఎస్‌డీని అంతకంటే ఎక్కువ లాగింది. చిన్న శాంపిల్‌లో ఇలాంటి అవుట్‌లయర్ ఉంటే టి-టెస్ట్ సాధారణంగా తప్పేది ఇటువైపే, ఉన్న తేడాని చూపించలేకపోవడం. మీరు భయపడుతున్న వైపు కాదు. అలాగని ఆయన్ని తీసేయమని అనడం లేదు, ఆ అంకె తప్పని ఎవరూ చూపించలేదు.

లంక_మాస్టారు:
అంటే టి-టెస్ట్ సరిగ్గా పనిచేయడం లేదని మీరే ఒప్పుకున్నారు. నేనన్నదీ అదే. విల్కాక్సన్‌కి ఈ గొడవ లేదు, 4.6 అయినా 46 అయినా దాని ర్యాంక్ 9.

వెల్చ్‌వాది:
విల్కాక్సన్ షరతుల్లేకుండా ఊరికే వస్తుందనుకుంటున్నారా? సైన్డ్ ర్యాంక్‌కి తేడాలు మధ్యబిందువుకి రెండు వైపులా ఒకేలా పరుచుకుని ఉండాలి. ఒకవైపు 4.6 దాకా పోయిన తోక, ఇంకోవైపు 0.0 దగ్గరే ఆగిపోయింది. షపిరో పట్టుకున్నది ఈ వంకరనే. దాన్ని చూసి టి నుంచి పారిపోయి, అదే వంకర ఇబ్బంది పెట్టే ఇంకో టెస్ట్‌లో దూరమంటున్నారు. సౌష్ఠవం అక్కర్లేనిది సైన్ టెస్ట్ (ప్లస్‌లెన్ని, మైనస్‌లెన్ని అని మాత్రమే లెక్కపెట్టేది) ఒక్కటే.

సరళ_ఆర్:
మీరిద్దరూ కొట్టుకుంటున్న 0.009 గురించి ఒక మాట. అది విల్కాక్సన్ ఎగ్జాక్ట్ పి విలువ కాదు. డేటాలో ఒక సున్నా ఉంది (ఐదో మనిషి), 1.3 రెండు సార్లు వచ్చింది. సున్నాలో, టైలో (ఒకే అంకె మళ్లీ రావడం) ఉంటే ఆర్ ఎగ్జాక్ట్ లెక్క వదిలేసి నార్మల్ అప్రాక్సిమేషన్‌కి పోతుంది, కంటిన్యూయిటీ కరెక్షన్ కూడా కలుపుతుంది. కింద వార్నింగ్ ఇస్తుంది గానీ ఎవరు చదువుతారు.

చేత్తో చేద్దాం. సున్నా తీసేస్తే తొమ్మిది తేడాలు, తొమ్మిదీ ప్లస్సే. మందుల మధ్య తేడా లేకపోతే ప్రతి తేడాకీ ప్లస్, మైనస్ సమానావకాశం. మొత్తం 512 రకాలు. అన్నీ ప్లస్ ఒకటి, అన్నీ మైనస్ ఒకటి. 2 బై 512, అంటే 0.0039. ఇది విల్కాక్సన్ ఎగ్జాక్ట్. సైన్ టెస్ట్‌కీ ఇదే లెక్క, ఇదే 0.0039. తేడాల గుర్తులు తిప్పేసి పెర్మ్యుటేషన్ టెస్ట్ చేస్తే 1024లో 4 (సున్నాకి ఏ గుర్తు పెట్టినా ఒకటే), మళ్లీ 0.0039. ఒక్క తేడా కూడా మైనస్ లేకపోవడంతో మూడూ ఒకచోటికే వచ్చాయి. ఒక్కటి అటు తిరిగి ఉంటే మూడూ మూడు దారులు పట్టొచ్చు.

పైథాన్_పుల్లయ్య:
అయితే లెక్క తేలింది, 0.0039. థ్రెడ్ మూసేయండి.

లంక_మాస్టారు:
ఏం తేలింది? ఈ థ్రెడ్‌లోనే లెక్కపెట్టుకోండి: 0.0028, 0.0039, 0.009, 0.069, 0.079. ఒకే పది మంది, ఐదు పి విలువలు. అడ్డం చెప్పేవాడు లేకపోతే పిల్లలు ఈ ఐదూ చేసి, చిన్నది పేపర్లో పెట్టి, మిగతా నాలుగూ డిలీట్ చేస్తారు. వెల్చ్‌వాది గారికి ఫ్లోచార్ట్ అంటే నవ్వులాటగా ఉంది. షపిరో టేబుల్ లేదని పేపర్లు వెనక్కి పంపే రివ్యూయర్లకి ఆయనొచ్చి జవాబు చెప్తారా? సౌష్ఠవం, తోక, ఎస్‌డీ లాగడం, ఇవన్నీ మీరు డేటా చూశాక చెప్తున్న కబుర్లు. ఫ్లోచార్ట్ మొరటుదే కావచ్చు, కానీ అది నచ్చిన టెస్ట్ ఏరుకోనివ్వదు.

వెల్చ్‌వాది:
ఎందుకు ఏరుకోనివ్వదు? షపిరోలో 0.06 వచ్చేదాకా ఒక పాయింట్ తీసి, లాగ్ తీసుకుని, ఇంకో పాయింట్ తీసి చూసేవాళ్లని మీరు చూడలేదా? మీ గేటుకి తాళమే లేదు మాస్టారూ. రివ్యూయర్ అడిగాడని తప్పు పాఠం చెప్పడం బోధన కాదు, బతకనేర్చినతనం.

లంక_మాస్టారు:
మాటలు జాగ్రత్త.

ట్రయల్_స్టాట్:
మీ ఇద్దరి గొడవ షపిరో గురించి కాదు. మాస్టారికి నియమం ముందే రాసి ఉండాలి, మనిషి చేతికి వదలకూడదు. వెల్చ్‌వాదికి ప్రశ్న ముందు, టెస్ట్ తర్వాత. క్లినికల్ ట్రయల్స్‌లో ఈ రెండూ ఒకే కాగితం మీద పెడతాం. డేటా అన్‌బ్లైండ్ చేయకముందే (అంటే ఎవరికి ఏ మందు ఇచ్చారో బయటపెట్టకముందే) స్టాటిస్టికల్ అనాలిసిస్ ప్లాన్ సంతకాలై ఉండాలి. అందులో మెయిన్ అనాలిసిస్ ఒక్కటే. 'షపిరో పాసైతే ఇది, లేకపోతే అది' అనే కొమ్మలు వీలైనంత పెట్టం. పెట్టినా ముందే రాసిపెడతాం. మిగతావి సెన్సిటివిటీ అనాలిసిస్‌లు (వేరే పద్ధతిలో చేసినా ఫలితం నిలుస్తుందా అని చూసేవి), అన్నీ రిపోర్ట్ చేస్తాం, ఏదీ దాచం.

ప్రశ్న ఏమిటన్నది ఎవరూ అడగలేదు. డాక్టరుకి కావలసింది 'ఎన్ని గంటలు?' అయితే జవాబు సగటు తేడా: 1.58 గంటలు, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 0.70 నుంచి 2.46. 1.58కి అటూ ఇటూ 2.262 (9 డిగ్రీస్‌కి టి టేబుల్ విలువ) ఇంటూ 0.389 (స్టాండర్డ్ ఎర్రర్), చేత్తో వేసుకోవచ్చు. 'మామూలు రోగికి ఎంత?' అయితే మీడియన్ 1.3. ఈ రెండూ ఒకటి కాదు, వాటి మధ్య ఉన్నది ఆ తొమ్మిదో మనిషే. పి విలువ 0.0028 అయినా 0.0039 అయినా డాక్టరు చేసే పనిలో మార్పేమీ ఉండదు.

మాన్-విట్నీ, విల్కాక్సన్ అనగానే 'మీడియన్లు పోల్చాం' అని రాసేస్తుంటారు, అదీ ఆపండి. రెండు గ్రూపుల ఆకారం ఒకటే అయి, ఒకటి పక్కకి జరిగి ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. మీడియన్లు సమానంగా ఉన్నా మాన్-విట్నీ సిగ్నిఫికెంట్ రావొచ్చు.

లంక_మాస్టారు:
ట్రయల్‌కి ప్లాన్ ఉంటుంది, డబ్బుంటుంది, సంతకాలుంటాయి. నా దగ్గరికి పిల్లలు డేటా తీసుకున్నాకే వస్తారు, 'సార్ ఏ టెస్ట్?' అని. వాళ్లకి 'ముందే రాసి ఉండాల్సింది' అంటే పనవుతుందా?

ట్రయల్_స్టాట్:
అప్పుడు డిజైన్ చూడండి, అంకెలు చూడకండి. జతలా, విడివిడిగానా? కొలిచింది గంటలా, మార్కులా, ఒకటి నుంచి ఐదు దాకా ఇచ్చిన గ్రేడా? అలాంటి కొలతలు ఇదివరకు ఎలా పరుచుకున్నాయో పాత పేపర్లలో దొరుకుతుంది. వీటితో టెస్ట్ తేలిపోతుంది, స్టూడెంట్ ఫైల్ తెరవకముందే చెప్పొచ్చు. తెరిచాక తేడాలని చుక్కలుగా గీసి చూడమనండి. అది టెస్ట్ మార్చడానికి కాదు, 4.6 లాంటిది ఉంటే రిజిస్టర్‌లో వెతికి సరిచూసుకోవడానికి.

లంక_మాస్టారు:
గ్రేడ్లయితే ర్యాంక్ టెస్టే అని మీరూ ఒప్పుకుంటున్నారు. గంటలకి మాత్రం ఒప్పుకోరు. సరే. కానీ ఎగ్జామ్‌లో షపిరో అడుగుతారు, నేను చెప్తాను.

వేణు_బయోస్టాట్:
షీట్‌లో ఇలా పెడుతున్నాను: మొదటి ప్రశ్న, ఇది జతల డేటా అని డిజైన్ నుంచి చూపించండి. రెండోది, తేడాలు గీసి పెయిర్డ్ టి, ఇంటర్వెల్ రాయండి. మూడోది, 512తో 0.0039 చేత్తో తేల్చి, ఆర్ ఇచ్చిన 0.009తో ఎందుకు కలవలేదో చెప్పండి. నాలుగోది, తొమ్మిదో రోగిని తీస్తే టి ఎందుకు పెరిగిందో చెప్పండి. షపిరో పెట్టడం లేదు.

లంక_మాస్టారు:
ఐదోది నేనిస్తాను రాసుకోండి: 'పై నాలుగింట్లో ఏది పేపర్లో పెడతారు, డేటా చూడకముందు దాన్ని ఎక్కడ రాశారు?' దీనికి వెల్చ్‌వాది గారు కూడా జవాబు రాయాలి.

వెల్చ్‌వాది:
రాస్తాను. షపిరో లేకుండా.