అప్‌డేట్: ఫొటోలో మనిషి రేణువులుగా ఎగిరిపోయే ఎఫెక్ట్ కుదిరింది

ఆర్కే బీచ్‌లో తీసిన మా చెల్లి ఫొటోలో ఒక పక్క రేణువులై గాలిలో కలిసిపోతున్నట్టు ఫొటోషాప్‌లో ఎలా చేయాలని మొన్న అడిగాను. ముక్కలు పైన అతికించినట్టు కనిపిస్తున్నాయన్నదే నా బాధ. ఇప్పుడు చక్కగా వచ్చింది.

కిటుకంతా మాస్కుల్లోనే ఉంది. మాస్క్ అంటే ఏ భాగం కనపడాలో, ఏది దాగాలో చెప్పేది: తెలుపు ఉన్నచోట కనిపిస్తుంది, నలుపు ఉన్నచోట దాగుతుంది. చెల్లిని సెలెక్ట్ చేసి వేరే లేయర్‌లోకి (పైన ఉండే విడి పొరలోకి) తీసి, వెనక ఖాళీని కంటెంట్ అవేర్ ఫిల్‌తో (చుట్టూ ఉన్నదాన్ని చూసి ఖాళీని దానంతటదే నింపే సదుపాయం) నింపాను. ఆ లేయర్‌కి ఇంకో కాపీ తీసి, లిక్విఫై అనే ఫిల్టర్‌లో బొమ్మను నెట్టి సాగదీసే ఫార్వర్డ్ వార్ప్ టూల్‌తో కుడివైపుకి బాగా సాగదీశాను. ఆల్ట్ నొక్కి పట్టుకుని మాస్క్ బటన్ నొక్కితే నల్ల మాస్క్ వచ్చి ఆ సాగిన లేయర్ మొత్తం మాయమవుతుంది. దాని మీద చుక్కల బ్రష్‌తో తెల్ల రంగు వేస్తే చీర రంగు, జుట్టు రంగు ముక్కలే బయటికొస్తాయి. అసలు లేయర్‌కి తెల్ల మాస్క్ పెట్టి, అదే బ్రష్‌తో నలుపు వేస్తే అంచు రాలిపోయినట్టు అవుతుంది.

బ్రష్ సెట్టింగుల్లో సైజ్ జిట్టర్, యాంగిల్ జిట్టర్, స్కాటరింగ్ (చుక్కల సైజు, కోణం, చెదురు మారుతూ ఉండేలా చేసేవి) పెంచమన్నవాళ్లకి చాలా థాంక్స్. అవి లేకపోతే ఒకే ముద్ర వరసగా పడుతుంది. జుట్టు ఎటు ఎగురుతుంటే ముక్కలూ అటే పోవాలి, దూరమయ్యేకొద్దీ చిన్నవి కావాలి. ముఖం జోలికి మాత్రం పోలేదు. కళ్ళు చెదిరితే అది మా చెల్లి ఫొటోలా ఉండదు.

వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ అంచు ఫిల్‌లో వంకరైంది, దాన్ని క్లోన్ స్టాంప్‌తో (ఫొటోలో ఒకచోటిని ఇంకోచోట కాపీ చేసే టూల్) సరిచేశాను.