ఢిల్లీ ట్రిప్: సోమవారం ఎక్కడికి వెళ్లాలి, అమ్మానాన్నలకు భోజనం ఎక్కడ?

నమస్కారం అండి. ఫిబ్రవరిలో అమ్మానాన్నలను ఢిల్లీ తీసుకెళ్తున్నాను. శనివారం పొద్దున దిగి, మంగళవారం రాత్రి తిరుగు రైలు ఎక్కుతాం.

నా టెన్షన్ అంతా సోమవారం గురించే. ఆ రోజు ఎర్రకోట, నేషనల్ మ్యూజియం, లోటస్ టెంపుల్, అక్షరధామ్ అన్నీ మూసి ఉంటాయి. అందుకే కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి సోమవారానికి పెట్టాను. రెండూ ఒకే రోజు అంటే అమ్మకి ఎక్కువవుతుందా? ఆమెకి మోకాళ్ల నొప్పులు. చదునైన నేల మీద నెమ్మదిగా ఎంతసేపైనా నడుస్తుంది కానీ, మెట్లు కనిపిస్తే ఆగిపోతుంది. హుమాయూన్ సమాధి దగ్గర పై అరుగు మీదకి మెట్లు బాగా నిటారుగా ఉంటాయట. కింద తోటలో కూర్చుని చూసినా తృప్తిగా ఉంటుందా?

ఆదివారం ఎర్రకోట, చాందినీ చౌక్ అనుకున్నాను. ఆ రోజు అక్కడ చాలా షాపులు తెరవరు కాబట్టి రద్దీ తగ్గుతుందని నా ఆశ. అక్షరధామ్‌లోకి ఫోన్లు, బ్యాగులు తీసుకెళ్లనివ్వరు. అవి అప్పగించే క్యూలో పెద్దవాళ్లు చాలాసేపు నిలబడాలా? సాయంత్రం ఎన్నింటికి వెళ్తే నయం?

ఇక తిండి. నాన్నకి జామా మసీదు దగ్గర కబాబులు తినాలని ఎప్పటినుంచో కోరిక. అమ్మ మాంసం ముట్టదు, నూనె ఎక్కువైతే పడదు, కాబట్టి నూనెలో వేయించిన పరాఠాలు అమ్మే చాందినీ చౌక్ సందు, పరాఠేవాలీ గలీ, ఆమెకి కష్టమే. ఒక పూట ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఖాయం. మిగతా పూటలకి ఇద్దరూ ఒకే చోట హాయిగా కూర్చుని తినగలిగే హోటళ్లు, మెట్రో స్టేషన్‌కి దగ్గర్లో ఉన్నవి, మీరు స్వయంగా తిన్నవి చెప్పగలరా?